జన్యువును చదవడం, 4వ పాఠం: పోయిన మూడక్షరాలు

పోయిన పాఠంలో కోడాన్ల పట్టిక గీసుకున్నారు కదా, దాన్ని పక్కన పెట్టుకుని పెన్సిలు తీసుకోండి. జన్యువులోని ఏ, టీ, జీ, సీ అనే అక్షరాలు మూడేసి కలిస్తే ఒక కోడాన్. అది ప్రోటీనులో చేరే ఒక అమైనో ఆమ్లాన్ని గానీ, 'ఇక ఆపు' అని గానీ చెబుతుంది. ఈసారి ఒక మ్యుటేషన్ (జన్యువు అక్షరాల్లో వచ్చిన మార్పు) పేరు విప్పుదాం: సీ.1521_1523డెల్‌సీటీటీ. చూస్తే టెన్షన్ పుడుతుంది గానీ కావలసింది మూడో ఎక్కమే.

ఇది 7వ క్రోమోజోములోని సీఎఫ్‌టీఆర్ జన్యువుది. ఈ జన్యువును 1989లో కనుక్కున్నారు. దీని నుంచి తయారయ్యే ప్రోటీనులో 1480 అమైనో ఆమ్లాలుంటాయి. కణం పైపొరలో ఉండి క్లోరైడుకు దారి ఇవ్వడం దాని పని. ఆ దారి మూసుకుపోతే సిస్టిక్ ఫైబ్రోసిస్ వస్తుంది. ఊపిరితిత్తుల్లో కఫం జిగటగా పేరుకుంటుంది, చెమట మరీ ఉప్పగా ఉంటుంది.

ఇక పేరు. మొదట్లో ఉన్న 'సీ' అంటే ప్రోటీనుగా మారే అక్షరాలను మాత్రమే లెక్కపెట్టామని. 'డెల్' అంటే అక్షరాలు ఊడిపోయాయని: 1521 నుంచి 1523 దాకా ఉన్న సీ, టీ, టీ. అవి ఏ కోడాన్‌లోవి? స్థానాన్ని 3తో భాగించండి. శేషం 1 వస్తే తర్వాతి కోడాన్‌లో మొదటి అక్షరం, 2 వస్తే రెండోది. శేషం లేకపోతే, వచ్చిన కోడాన్‌కే చివరిది. 1521ని భాగిస్తే సరిగ్గా 507. కాబట్టి పోయినవి 507లో చివరి అక్షరం, 508లో మొదటి రెండూ.

506 నుంచి వరసగా రాయండి:

ఏటీసీ – ఏటీసీ – టీటీటీ – జీజీటీ

రెండో ఏటీసీలోని సీ, దాని పక్కనున్న రెండు టీలు కొట్టేసి, మిగిలినవాటిని మళ్లీ మూడేసి చొప్పున విడగొట్టండి:

ఏటీసీ – ఏటీటీ – జీజీటీ

నేను మొదటిసారి ఇక్కడే బోల్తాపడ్డాను. రెండు కోడాన్లు దెబ్బతిన్నాయి కాబట్టి రెండు అమైనో ఆమ్లాలు మారి ఉంటాయనుకున్నా. పట్టిక చూడండి: ఏటీసీ అయినా ఏటీటీ అయినా ఐసోల్యూసినే! పోయింది 508వ ఫినైల్‌అలనీన్ ఒక్కటే. అందుకే డాక్టర్లు దీన్ని ఎఫ్508డెల్ అంటారు. ఎఫ్ అంటే ఫినైల్‌అలనీన్.

ఆ ఒక్కటి లేకపోయేసరికి ప్రోటీను సరిగ్గా మడతపడదు. కణం దాన్ని పనికిరానిదిగా గుర్తించి, పైపొరకు చేరకముందే ముక్కలు చేసేస్తుంది.

ఇంటిపని: ఇదే జన్యువులో మరో రెండు మ్యుటేషన్లు. 1624వ అక్షరం జీ బదులు టీ (కోడాన్ జీజీఏ). 1652వ అక్షరం జీ బదులు ఏ (కోడాన్ జీజీటీ). ఒకదానిలో ప్రోటీను పైపొర దాకా చేరుతుంది గానీ ద్వారం సరిగ్గా తెరుచుకోదు. దానికి ఐవాకాఫ్టర్ అనే మందుంది, 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇంకోదానిలో ప్రోటీను తయారీ మధ్యలోనే ఆగిపోతుంది. ఏది ఏదో లెక్కకట్టి ఉంచండి, 5వ పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.