ధాన్యం లెక్కలను యాక్సెస్, ఎక్సెల్, వర్డ్‌ల మధ్య చెడకుండా మార్చుకోవడం

నెల్లూరు జిల్లా కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం ప్రాంతంలో ధాన్యం కొనే ఒక మిల్లును ఊహించుకుందాం. రైతుల వివరాలు, చెల్లింపులు మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే ప్రోగ్రాములోని డేటాబేస్‌లో ఉంటాయి. కళ్లం దగ్గర గుమస్తా ఏ రోజు తూకాలను ఆ రోజు ఎక్సెల్ షీటులో రాస్తాడు. రైతు చేతికిచ్చే చెల్లింపు పత్రం వర్డ్‌లో తయారవుతుంది. ఒకే వివరాన్ని మూడు చోట్లా టైపు చేస్తే ఎక్కడో ఒకచోట తప్పు దొర్లుతుంది, ఆ తప్పు రైతు డబ్బు మీద పడుతుంది. అందువల్ల ముందుగా ఒక నిర్ణయం చేసుకోవాలి: డేటాబేస్‌లో ఉన్నదే అసలు లెక్క, మిగిలినవన్నీ దానికి నకళ్లు లేదా అందులోకి చేరవలసిన చీటీలు మాత్రమే.

షీటును యాక్సెస్‌లోకి తెచ్చే ముందు శుభ్రం చేయాలి. మొదటి వరుసలో శీర్షికలు మాత్రమే ఉండాలి. మిల్లు పేరు, తేదీ వంటి అలంకారపు వరుసలు, కలిపేసిన గడులు, మధ్యలో ఖాళీ వరుసలు, అడుగున వేసిన మొత్తం తీసివేయాలి. అడుగున ఉన్న మొత్తాన్ని వదిలేస్తే అదీ ఒక రైతు తూకంలాగే టేబుల్‌లో చేరిపోయి లెక్క రెట్టింపవుతుంది. శీర్షికలో చుక్క ఉండకూడదు. మనం అలవాటుగా రాసే ‘ధర రూ.’ అన్న శీర్షికలోని చుక్కను యాక్సెస్ ఫీల్డు (నిలువు వరుస) పేరులో అంగీకరించదు.

కొలతల విషయంలో మన జిల్లాకు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త అవసరం. నెల్లూరులో ధాన్యం బేరం పుట్లలో సాగుతుంది, పుట్టి అంటే 850 కిలోలు. బయటి వ్యాపారులు, ప్రభుత్వ కొనుగోలు లెక్కలు క్వింటాళ్లలో మాట్లాడతాయి. టేబుల్‌లో కిలోలు మాత్రమే నిల్వ చేసి, పుట్లను, క్వింటాళ్లను క్వెరీలో (టేబుల్ నుంచి కావలసిన లెక్కను తీసే ప్రశ్నలో) లెక్కించుకోవడం మేలు. షీటులో 12.5 పుట్లు అని ఉంటే 10,625 కిలోలుగా మార్చి చేర్చండి. రెండు కొలతలూ ఒకే నిలువు వరుసలో కలిసిపోయాయంటే తరువాత వాటిని విడదీయడం దాదాపు అసాధ్యం.

ఇక ఎక్స్‌టర్నల్ డేటా ట్యాబులో న్యూ డేటా సోర్స్, ఆపై ఫ్రమ్ ఫైల్, ఎక్సెల్ ఎంచుకుంటే మూడు మార్గాలు కనిపిస్తాయి: కొత్త టేబుల్‌గా తేవడం, ఉన్న టేబుల్‌కు చేర్చడం, షీటుకు లింకు వేయడం. రోజువారీ తూకాలను నేరుగా అసలు టేబుల్‌కు చేర్చడం కంటే ఒక తాత్కాలిక టేబుల్‌లోకి తెచ్చి, పరిశీలించి, అపెండ్ క్వెరీతో (ఒక టేబుల్ వరుసలను మరోదానికి చేర్చే క్వెరీతో) చేర్చడమే క్షేమమని నా అభిప్రాయం. కీలక సంఖ్య (ఒక్కో వరుసకూ వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య) ఇప్పటికే ఉన్న వరుసలను యాక్సెస్ చేర్చదు, ఎన్ని మిగిలిపోయాయో ఒక హెచ్చరికలో మాత్రం చెబుతుంది. చాలామంది ఆ హెచ్చరికను చదవకుండానే మూసేస్తారు. లింకు వేసిన షీటును యాక్సెస్ నుంచి చదవవచ్చు గాని మార్చలేము. ఆ ఫైలును మరో ఫోల్డరుకు తరలిస్తే లింకు తెగిపోతుంది.

ఎక్కువ నష్టం జరిగేది అంకెలకు, అక్షరాలకు మధ్య గందరగోళంలో. వరి రకం నిలువు వరుసలో 1010, 5204, 34449 అని రాసి, కింద ఎక్కడో ‘జిలకర’ అని ఉంటే, మొదటి కొన్ని వరుసలను చూసి అది అంకెల నిలువు వరుస అని యాక్సెస్ అనుకోవచ్చు. అప్పుడు జిలకర ఉన్న చోటు ఖాళీగా వస్తుంది. బ్యాంకు ఖాతా సంఖ్యలది ఇంతకంటే పెద్ద సమస్య. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలనే నిలుపుకుంటుంది, 16 అంకెల ఖాతాలో చివరి అంకె సున్నా అవుతుంది, మొదట్లోని సున్నాలు మాయమవుతాయి. నేను లెక్కలు చూసిన ఒకచోట ఇలాగే చివరి అంకె మారి ఒక రైతుకు వెళ్లవలసిన సొమ్ము తిరిగివచ్చింది, కోతల సమయంలో ఆయన మూడు రోజులు తిరగవలసి వచ్చింది. కాబట్టి టైపు చేయకముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా మార్చండి. అంకెలు వేశాక ఫార్మాటు మార్చినంత మాత్రాన అవి అక్షరాలు కావు. టెక్స్ట్ టు కాలమ్స్‌లో టెక్స్ట్ ఎంచుకుంటే వరి రకాల నిలువు వరుస సరి అవుతుంది, కానీ పోయిన ఖాతా అంకె తిరిగి రాదు, పాసుపుస్తకం చూసి మళ్లీ వేయవలసిందే.

పేర్లు తెలుగులో ఉంటే అవి ఏ కంప్యూటరులోనైనా చదవగలిగే యూనికోడ్‌లో ఉన్నాయో లేదో చూడండి. పాత అను ఫాంట్లలో టైపు చేసినవి ఆ ఫాంటు ఉన్నచోటే తెలుగుగా కనిపిస్తాయి, డేటాబేస్‌లో అర్థంలేని గుర్తులవుతాయి. ముందుగా కన్వర్టరుతో మార్చాలి. టెక్స్ట్ ఫైలుగా ఎగుమతి చేసేటప్పుడు అడ్వాన్స్‌డ్ బటన్ నొక్కి కోడ్ పేజీగా (అక్షరాలను ఫైలులో భద్రపరిచే పద్ధతిగా) యూటీఎఫ్-8 ఎంచుకోండి.

యాక్సెస్ నుంచి ఎక్సెల్‌కు లెక్కలు వెళ్లాలంటే ఎగుమతి కంటే, ఎక్సెల్‌లోని డేటా ట్యాబు నుంచి గెట్ డేటా ద్వారా క్వెరీకి అనుసంధానం చేయడం మంచిది. ఎడగారు (రెండో పంట) లెక్కలు చేరాక రిఫ్రెష్ నొక్కితే సరిపోతుంది.

వర్డ్‌లో మెయిలింగ్స్ ట్యాబు నుంచి మెయిల్ మెర్జ్ (ఒకే పత్రం నమూనాలో ఒక్కో రైతు వివరాలు నింపే పద్ధతి) మొదలుపెట్టి, ఉన్న జాబితాగా మీ డేటాబేస్‌ను చూపించి, క్వెరీని ఎంచుకోండి. తేదీని అడిగి నడిచే క్వెరీలు ఆ జాబితాలో మామూలుగా కనిపించవు. నక్షత్రం గుర్తుతో వెతికే క్వెరీ యాక్సెస్‌లో సరిగా నడిచినా ఇక్కడ ఖాళీగా రావచ్చు. యాక్సెస్‌లో మీరు పెట్టిన రూపాయల, తేదీల రూపం వర్డ్‌కు వెళ్లదు కాబట్టి క్వెరీలోనే ఫార్మాట్ ఫంక్షన్‌తో కావలసిన రూపంలోకి తెచ్చి పంపండి.

పత్రాలు ముద్రించే ముందు షీటులోని వరుసల సంఖ్యను, మొత్తం కిలోలను డేటాబేస్‌లోని వాటితో సరిపోల్చి, ఏవైనా రెండు మూడు కాటా చీటీలను చేతిలో పట్టుకుని పేరు, తూకం, ఖాతా సంఖ్య చదివి చూడండి.