స్క్రీన్ మీద సైరన్, ఫోన్‌లో ‘టెక్నీషియన్’: ముందు నెట్ ఆపండి

సమస్య: ఏదో సైట్ చూస్తుంటే స్క్రీన్ నిండా ఎర్ర హెచ్చరిక, సైరన్ మోత, కింద ఫోన్ నంబరు. మూసేద్దామంటే మూసుకోదు.

కారణం: చాలాసార్లు అది వైరస్ కాదు, ఫుల్‌స్క్రీన్‌లో తెరుచుకున్న వెబ్ పేజీ. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఇవ్వదు. నంబరుంటే మోసమే.

పరిష్కారం: ఎస్కేప్ కీని కాసేపు నొక్కి పట్టుకోండి. లొంగకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఆపేయండి. మళ్లీ తెరిచాక పాత పేజీలు తెరవమంటారా అని అడిగితే వద్దనండి.

సమస్య: ఆ నంబరుకు ఫోన్ చేశారు. అవతలి మనిషి మర్యాదగా మాట్లాడి ఎనీడెస్క్ (దూరం నుంచే మీ స్క్రీన్ చూసి నడిపించే యాప్) వేయించాడు, దాని కోడ్ చెప్పించుకున్నాడు. విండోస్ తన చిన్నాపెద్దా లోపాలు రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, అందులోని ఎర్ర గుర్తులు చూపించి ‘ఇవన్నీ వైరస్‌లే సార్’ అంటున్నాడు.

కారణం: ఆ ఎర్ర గుర్తులు బాగా పనిచేసే విండోస్‌లోనూ ఉంటాయి. ఎనీడెస్క్ కూడా ఆఫీసుల్లో వాడే అసలైన యాప్, అందుకే యాంటీవైరస్ సాధారణంగా అడ్డుపడదు. ఫోన్‌లో ఇలాంటి యాప్ వేస్తే మీకొచ్చే ఓటీపీ వాడికీ కనిపించొచ్చు.

పరిష్కారం: వాడితో వాదించొద్దు. వైఫై రౌటర్ స్విచ్ ఆపండి, ఫోన్‌లోనైతే ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. యాప్ తీసేయడం తర్వాతి పని. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి. డబ్బు పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సైబర్‌క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టండి. పాస్‌వర్డ్‌లు మార్చాల్సిందీ వేరే పరికరం నుంచే. ఆ తర్వాత యాప్ తీసేసి, వాడు ఇంకేమైనా వేశాడేమో తెలిసినవాళ్లతో చూపించుకోండి.

పిల్లలు అమెరికాలో ఉండి ఇంట్లో ఇద్దరే ఉండే పెద్దవాళ్లు ‘తెలిస్తే ఏమనుకుంటారో’ అని తెల్లారేదాకా నోరు విప్పరు. ఈలోగా డబ్బు ఖాతాలు మారిపోతుంది. దయచేసి ఆగొద్దు. 2017 జులై 6న ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఓటీపీ మీరే చెప్పినా సరే, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే. అందుకే ఫిర్యాదు నంబరు, చెప్పిన సమయం రాసిపెట్టుకోండి.

సమస్య: ‘రీఫండ్ పొరపాటున ఎక్కువ పడింది, మిగతాది తిరిగి పంపండి’ అంటున్నాడు. మీ బ్యాంకు పేజీలో ఆ మొత్తం కనిపిస్తోంది కూడా.

కారణం: స్క్రీన్ వాడి చేతిలో ఉంది, పేజీలో కనిపించే అంకెను బ్రౌజర్‌లోనే మార్చేశాడు. ఖాతాలోకి రూపాయి కూడా రాలేదు.

పరిష్కారం: నెట్ ఆపి, వాడు ముట్టుకోని ఫోన్‌లోనో ఏటీఎంలోనో బ్యాలెన్స్ చూడండి.