పశువుల పేడలోని బ్యాక్టీరియా ఇంట్లోకి రాకుండా చూసుకోవడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు మన తెలుగు ఇళ్లలో ఆవులు, మేకలు, కోళ్లు వాకిట్లోనే తిరుగుతుంటాయి. వాటి పేగుల్లో ఈ.కోలి, సాల్మొనెల్లా, కాంపిలోబ్యాక్టర్ లాంటి బ్యాక్టీరియా ఉండవచ్చు. ఈ.కోలిలో చాలా రకాలు హాని చేయవు. కానీ ఓ157 అనే రకం పశువుకు ఏ జబ్బూ చేయకుండానే పేడలో వస్తుంది. అది చంటిపిల్లల కడుపులోకి వెళ్తే రక్త విరేచనాలు కావచ్చు, కొందరికి కిడ్నీలే దెబ్బతింటాయి. అందుకే "మా ఆవు బాగానే ఉంది కదా" అన్న ధీమా పనికిరాదు.

ముందు చేతులు. పేడ ఎత్తినా, పిడకలు చేసినా, కళ్లాపి చల్లినా సబ్బుతో 20 సెకన్లు, గోళ్ల సందులతో సహా రుద్ది కడగాలి. కళ్లాపి మానమని చెప్పను, పిల్లలు పాకే చోట మాత్రం వద్దు.

పాలు పిండేముందు పొదుగు కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. గుమ్మపాలు బలమని పిల్లలకు పట్టే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. దయచేసి ఆపండి. పొంగు వచ్చేదాకా కాస్తే ఈ బ్యాక్టీరియా చస్తుంది, పాల బలం పెద్దగా తగ్గదు.

కోడిమాంసం కోసిన కత్తి, పీట కడగకుండా కూరగాయలు తరగకూడదు.

ఇక గత్తం. పచ్చిపేడ ఆకుకూర మడిలో వేయకండి. కుప్పగా పోసి, తడి ఆరకుండా, అప్పుడప్పుడు తిరగేస్తే లోపల వేడి 55 డిగ్రీలు దాటి, కొన్నాళ్లకు బ్యాక్టీరియా చాలావరకు చస్తుంది. కుప్ప నూతికి ఎగువన ఉండకూడదు. కొండవాలు ఊళ్లలో తొలి వానకే పెంటనీళ్లు నూతిలోకి దిగుతాయి. వానాకాలమంతా నీళ్లు కాచి తాగండి.

దూడకు పారుడు పట్టగానే షాపులో యాంటీబయాటిక్ కొని పట్టేయడం నన్ను అన్నిటికన్నా భయపెడుతుంది. మందుకు చావని బ్యాక్టీరియా మిగిలి, పెరిగి, పేడ ద్వారా మన దాకా వస్తుంది. మనుషులకు మిగతా మందులు పనిచేయనప్పుడు వాడే యాంటీబయాటిక్ కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు వాడకుండా మన దేశంలో 2019లో నిషేధించింది అందుకే. పశువుల డాక్టరుకు చూపించి, ఆయన రాసిన డోసే పూర్తిగా వాడండి. పాలిచ్చే ఆవుకు మందు వాడితే, ఆయన చెప్పినన్ని రోజులు ఆ పాలు తాగకండి, అమ్మకండి.

ఇంట్లో ఎవరికైనా విరేచనాలైతే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టండి. రక్తం కనిపిస్తే విరేచనాలు ఆపే మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లో పశువులున్నాయని డాక్టరుకు తప్పక చెప్పాలి. ఒడియా రాని పెద్దవాళ్లు వెళ్తుంటే ఆ మాట చీటీ మీద ఒడియాలో రాయించి చేతికివ్వండి.