ఎలుకకు దిగులా, ఆకలా: హార్మోన్ ప్రయోగంలో తేల్చుకోవడం ఎలా

ఎం.ఫార్మసీ ప్రాజెక్టుకో పీహెచ్‌డీకో ఒత్తిడి, డిప్రెషన్, హార్మోన్లు అనే టాపిక్ తీసుకున్నారా? అయితే ముందు ఈ చిక్కు అర్థం చేసుకోండి. గ్రెలిన్ ఎక్కువగా కడుపులో తయారై ఆకలి పుట్టిస్తుంది, లెప్టిన్ కొవ్వు కణాల నుంచి వచ్చి ఆకలి తగ్గిస్తుంది. ఒత్తిడికి గురైన ఎలుకల్లో లెప్టిన్ తగ్గిందనీ, బయటి నుంచి ఇస్తే డిప్రెషన్ లాంటి ప్రవర్తన తగ్గిందనీ 2006లో చూపించారు. 2008లో టెక్సస్ పరిశోధకులు చుంచెలుకల మీద పనిచేసి గ్రెలిన్ కూడా అలాగే కాపాడుతుందన్నారు, దాని రిసెప్టర్ (కణాల మీద ఆ హార్మోన్ అతుక్కుని పనిచేసే చోటు) లేని చుంచెలుకలు అదే ఒత్తిడికి తోటివాటికి ఇంకా దూరంగా ముడుచుకుపోయాయి. ఆకలి విషయంలో ఎదురెదురుగా ఉండే రెండు హార్మోన్లు ఇక్కడ ఒకే వైపు పనిచేస్తున్నాయి. కాబట్టి తిండి ఎక్కువ తిందా తక్కువ తిందా అన్నది చూసి దిగులు గురించి తీర్పు చెప్పడానికి లేదు.

ఒత్తిడి పెట్టడానికి సోషల్ డిఫీట్ పద్ధతి బాగుంటుంది. పరీక్షించే చుంచెలుకను రోజూ కొన్ని నిమిషాలు ఒక కొత్త దూకుడు చుంచెలుక బోనులో వదులుతారు, తర్వాత మధ్యలో చిల్లుల అడ్డుగోడ పెట్టి ఆ రోజంతా పక్కపక్కనే ఉంచుతారు. కొట్లాట ఆగినా వాసన, చూపు ఆగవు. ఇలా పది రోజులు. గాయాలు రోజూ చూడండి, లోతైన గాయమైతే ఆ జంతువును వెంటనే తప్పించండి. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు ఒక్క జంతువును కూడా ముట్టుకోకండి.

అసలు పొరపాట్లు జరిగేది కొలిచేటప్పుడే. చక్కెర నీళ్లు, మామూలు నీళ్లు రెండు సీసాల్లో పెట్టి, తీపి మీద ఇష్టం ఎంత మిగిలిందో చూసే చక్కెర నీళ్ల పరీక్షనే తీసుకోండి: గ్రెలిన్ ఇచ్చాక చుంచెలుక చక్కెర నీళ్లు ఎక్కువ తాగితే ఆనందం తిరిగొచ్చిందని రాసేస్తారు, ఆకలేసి తాగిందేమో! అందుకే తాగిన మొత్తం కాకుండా మామూలు నీళ్లతో పోల్చి ఎంత శాతమో లెక్కేయండి, సీసాల స్థానాలు మారుస్తూ ఉండండి, ఆకలితో సంబంధం లేని సోషల్ ఇంటరాక్షన్ పరీక్ష (ఇంకో చుంచెలుక దగ్గరికి వెళ్తుందా, దూరంగా ఉంటుందా అని చూసేది) కూడా తప్పకుండా చేయండి. నీళ్లలో వదిలి, ఈదుతుందా, ఊరికే తేలుతుందా అని చూసే ఈత పరీక్షలో ఎక్కువ కదిలిందంటే ఇచ్చిన హార్మోన్ వల్ల ఉత్సాహం పెరిగిందో, ఊరికే కదలిక పెరిగిందో తేలాలి, ఖాళీ పెట్టెలో వదిలి ఎంత తిరుగుతుందో చూసే ఓపెన్ ఫీల్డ్ పరీక్ష లేకుండా అది తేలదు. రోజూ బరువు, తిన్న మేత గ్రాముల్లో రాసుకోండి. హార్మోన్ వల్ల తినే మేత మారితే, పోల్చే గ్రూపు తిన్నంతే మేత కొలిచి పెట్టే ఇంకో గ్రూపు ఉండాలి, అది నా దృష్టిలో తప్పనిసరి.

రక్తం ఎప్పుడు తీసినా రోజులో ఒకే సమయానికి తీయండి, లెప్టిన్, కార్టికోస్టెరోన్ (ఎలుకల్లో ఒత్తిడి హార్మోన్) రెండూ గంటగంటకూ మారతాయి. కార్టికోస్టెరోన్ కోసమైతే చేత్తో పట్టుకున్న మూడు నిమిషాల్లోపే తీయాలి, లేదంటే మీరు పట్టుకున్నందుకు పెరిగిందే కొలుస్తారు. పనిచేసే రూపంలోని గ్రెలిన్ చాలా త్వరగా చెడిపోతుంది: ట్యూబును ఐసులో పెట్టి, దాన్ని చెడగొట్టే ఎంజైమును ఆపే మందు ముందే వేసి, ప్లాస్మా వేరయ్యాక హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి వెంటనే ఫ్రీజ్ చేయండి.