సొంతంగా కడుతున్న కారుకు బ్రేకులు, సస్పెన్షన్ బిగించే ముందు

బ్రేక్ హోస్ (చక్రం దగ్గరి బ్రేకుకు ఫ్లూయిడ్ తీసుకెళ్లే వంగే గొట్టం) సంగతి ముందు చూడండి. చక్రాన్ని పూర్తిగా కిందికి వేలాడనిచ్చి స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పండి. తర్వాత చక్రాన్ని పైకంటా లేపి మళ్లీ తిప్పండి. హోస్ ఎక్కడ బిగుసుకున్నా, టైరుకు రాసుకున్నా ఒకరోజు తెగుతుంది. బండి నిలబడి ఉన్నప్పుడు అంతా బాగానే కనిపిస్తుంది, నాకు భయం అక్కడే.

కాలిపర్‌లో (బ్రేక్ డిస్క్‌ను ప్యాడ్లతో నొక్కే భాగం) గాలి తీసే నిపుల్ పైవైపే ఉండాలి. కుడిఎడమ కాలిపర్లు తారుమారైతే అది కిందికొస్తుంది. గాలి లోపలే చిక్కుకుని పెడల్ మెత్తబడుతుంది.

సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు బుష్‌ల బోల్టుల చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద పడ్డాకే. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.

నైలాక్ నట్లు (వదులు కాకుండా లోపల నైలాన్ రింగు ఉన్నవి), రాగి వాషర్లు కొత్తవే వాడండి. పాతవి పట్టు ఇవ్వవు.

డాట్ 5 సిలికాన్ బ్రేక్ ఫ్లూయిడ్‌ను డాట్ 3, డాట్ 4 రకాల ఫ్లూయిడ్‌లతో కలపొద్దు. అవి ఒకదానిలో ఒకటి కలవవు.