రేణువుల కాథోడ్ – 4వ పాఠం: పొరను ఎంత ఉబ్బించాలి?

గత పాఠంలో 10 సెం.మీ. వెడల్పు, 2 సెం.మీ. మందం గల అక్రిలిక్ గదిని బిగించి, ఒక గోడకు ఫీడర్ పలకను (రేణువులకు కరెంటు అందించే కాథోడ్ పలక), ఎదుటి వైపు డయాఫ్రమ్‌ను (రేణువులను ఆపి, అయాన్లను పోనిచ్చే తెర), దాని వెనుక ఆనోడ్‌ను (ధన ధ్రువం) అమర్చి, అర మిల్లీమీటరు రాగి రేణువులను 10 సెం.మీ. ఎత్తు వరకు నింపాము. బెంగళూరు పీణ్యలోని లోహపు పూత యూనిట్ల కడుగు నీటిని పోలిన, లీటరుకు 100 మి.గ్రా. రాగి గల ఆమ్ల ద్రావణాన్ని ఇప్పుడు అడుగు నుంచి పైకి పంపుదాము. ఆ ప్రవాహానికి రేణువులు విడివడి పైకి లేచి, వాటి పొర ఉబ్బుతుంది; ద్రావణంలోని రాగి ఆ రేణువుల మీద పేరుకుంటుంది.

ఇంత పలుచని ద్రావణంలో, సాధారణమైన కలియబెట్టుతో, పలక మీద చదరపు మీటరుకు సుమారు 3 ఆంపియర్లకు మించి రాగి కోసం వినియోగించలేము. అంతకు మించితే హైడ్రోజన్ వెలువడుతుంది. 10×12 సెం.మీ. పలకకు ఆ లెక్కన వచ్చేది 36 మిల్లీ ఆంపియర్లు మాత్రమే. అదే చోట రేణువుల పొర ఉంటే సంగతి వేరు. కదలని పొరలో ఘనభాగం (రేణువులు ఆక్రమించే చోటు) 60 శాతమనుకుంటే, అది 12 సెం.మీ.కు ఉబ్బినప్పుడు 50 శాతమవుతుంది. ఘనభాగాన్ని 6తో గుణించి రేణువు వ్యాసంతో భాగిస్తే ఘనపు మీటరుకు 6,000 చ.మీ. ఉపరితలం వస్తుంది. మన 240 మి.లీ. పొరలో అది 1.44 చ.మీ., అంటే 4.3 ఆంపియర్లు. 1969లో బ్యాక్‌హర్స్ట్, ఫ్లైష్‌మన్, గుడ్‌రిడ్జ్ తదితరులు ఈ ఎలక్ట్రోడ్‌పై తమ తొలి పరిశోధనను ప్రచురించినప్పటి నుంచి దీని మీద ఆసక్తికి మూలం ఈ ఉపరితలమే.

అయితే ఆ ఉపరితలమంతా ఒకే తీరున పనిచేయదు. ఫీడర్ నుంచి వచ్చే ఎలక్ట్రాన్లు రేణువులు ఒకదానినొకటి తాకుతూ, ఢీకొంటూ ఉన్నప్పుడే ముందుకు సాగుతాయి. పొర మరీ ఉబ్బితే ఈ తాకిళ్లు తగ్గి, విడిపోయిన రేణువుకు ఒక కొసన రాగి పేరుకుంటూ మరో కొసన కరిగిపోవచ్చు. ఉబ్బు చాలకపోతే రేణువులు అతుక్కుని గడ్డకడతాయి. అందుకే నేను మొదటి పరుగుకు 20 శాతం ఉబ్బునే ఎంచుకుంటాను.

ప్రవాహ వేగాన్ని సెకనుకు సుమారు 1 సెం.మీ. నుంచి మొదలుపెట్టండి. ఈ రేణువులు కదలడం మొదలయ్యేది దాదాపు అక్కడే. మన గది అడ్డుకోతకు అది నిమిషానికి 1.2 లీటర్లు. అక్కడి నుంచి వాల్వును కొద్దికొద్దిగా తెరుస్తూ, గోడ మీద గీసుకున్న 12 సెం.మీ. గీతను పొర పైఅంచు అందుకునే వరకు ఆగండి. ఆ తరువాతనే 1 ఆంపియర్ ఇవ్వండి. ఇచ్చిన కరెంటంతా రాగికే వినియోగమైతే గంటకు 1.19 గ్రాముల రాగి పేరుకుంటుంది. 10 లీటర్ల తొట్టిలో ఉన్నదే 1 గ్రాము కనుక, రాగి తగ్గేకొద్దీ కరెంటునూ తగ్గించాలి.

ప్రారంభంలో ప్రవాహం ముందు, కరెంటు తరువాత. ఆపేటప్పుడు కరెంటు ముందు, ప్రవాహం తరువాత. నేను పంపును మామూలు లైనుకు, రెక్టిఫైయర్‌ను (సెల్‌కు డీసీ కరెంటు ఇచ్చే పరికరం) యూపీఎస్‌కు కలిపి ఉంచిన రోజున కరెంటు పోయింది. పంపు ఆగి, రెక్టిఫైయర్ నడుస్తూనే ఉండడంతో కిలోకు పైగా రాగి ఫీడర్‌కు అతుక్కుని ఒకే ముద్దయింది, ఉలితో చెక్కవలసి వచ్చింది. ఆనాటి నుంచి ప్రవాహం ఆగగానే రెక్టిఫైయర్‌ను ఆపివేసే ఫ్లో స్విచ్ లేకుండా నేను ఈ సెల్‌ను నడపలేదు; మీరూ నడపవద్దు. వెలువడే హైడ్రోజన్ బయటకు పోయేందుకు మీరు పనిచేసే గది కిటికీలు తెరిచి ఉంచండి.

అభ్యాసం: రేణువుల వ్యాసం 0.3 మి.మీ. అయితే ఇదే 240 మి.లీ.లో ఉపరితలం ఎంతవుతుందో లెక్కించండి. ఆ సంఖ్యతోనే 5వ పాఠంలో పొర మందం వెంబడి పొటెన్షియల్ కొలతకు దిగుతాము.