మానిటర్ లేని సర్వర్‌లో ఓపెన్‌జీఎల్ బొమ్మ గీయించడం

బెంగళూరు మారతహళ్లి పీజీలో కూర్చుని, వైట్‌ఫీల్డ్ ల్యాబ్‌లోని లైనక్స్ సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి టెర్మినల్ ద్వారా) వెళ్లి ఓపెన్‌జీఎల్ (గ్రాఫిక్స్ గీయించే ఏపీఐ) ప్రోగ్రామ్ నడిపితే, డిస్‌ప్లే దొరకలేదని ఆగిపోతుంది. చాలామంది వెంటనే ఎక్స్‌వీఎఫ్‌బీ (మెమరీలోనే ఉండే ఉత్తుత్తి డిస్‌ప్లే) పెట్టేస్తారు. బొమ్మ వస్తుంది గానీ, దాన్ని గీసేది ఎక్కువసార్లు ఎల్ఎల్‌వీఎంపైప్ అనే సాఫ్ట్‌వేర్ రెండరర్, అంటే సీపీయూ. ఖరీదు పెట్టి కొన్న జీపీయూ ఖాళీగా ఉంటుంది. అసలు విండో ఎందుకు? ఒక కాంటెక్స్ట్ (ఓపెన్‌జీఎల్ స్థితి అంతా ఉండేది), ఒక ఫ్రేమ్‌బఫర్ (బొమ్మ పడే మెమరీ) చాలు. దానికి దారి ఈజీఎల్, అంటే ఓపెన్‌జీఎల్‌ని సిస్టమ్‌తో కలిపే ఇంటర్‌ఫేస్.

ముందు పర్మిషన్లు చూసుకోండి. ఇంటెల్, ఏఎండీ కార్డులైతే ఉబుంటులో మీ యూజర్‌ని ‘రెండర్’ గ్రూపులో చేర్చి, మళ్లీ లాగిన్ అవ్వండి. ఎన్విడియా కార్డుని డాకర్ కంటెయినర్‌లో వాడుతుంటే డ్రైవర్ కేపబిలిటీస్‌లో (కంటెయినర్‌కి ఇచ్చే డ్రైవర్ భాగాల జాబితా) ‘గ్రాఫిక్స్’ కూడా ఉండాలి. లేకపోతే కుడా (CUDA, ఎన్విడియా జీపీయూలపై లెక్కలు చేసే వ్యవస్థ) నడుస్తుంది, ఈజీఎల్ నడవదు.

ఈజీఎల్ డిస్‌ప్లేని (తెర కాదు, జీపీయూని అందుకునే హ్యాండిల్) ఎన్విడియాలో డివైస్ ప్లాట్‌ఫామ్ నుంచి, మీసాలో (ఇంటెల్, ఏఎండీ కార్డులకి వాడే ఓపెన్ సోర్స్ డ్రైవర్లు) సర్ఫేస్‌లెస్ ప్లాట్‌ఫామ్ నుంచి తీసుకోండి. కాన్ఫిగ్ (రంగు, డెప్త్ వంటి బఫర్ అమరిక) అడిగేటప్పుడు సర్ఫేస్ (బొమ్మ గీసే చోటు) రకం చెప్పకపోతే ఈజీఎల్ విండో రకమే వెతుకుతుంది, ఇక్కడ అలాంటివి ఉండవు కాబట్టి సున్నా కాన్ఫిగ్‌లు వస్తాయి. పీబఫర్ (తెరకి సంబంధం లేని సర్ఫేస్) అని స్పష్టంగా అడగండి. ఏపీఐని ఓపెన్‌జీఎల్‌కి బైండ్ చేయండి, డిఫాల్ట్‌గా ఉండేది ఈఎస్, అంటే మొబైళ్ల వంటి వాటి కోసం చేసిన ఓపెన్‌జీఎల్ రకం. తర్వాత సర్ఫేస్ ఏదీ ఇవ్వకుండానే కాంటెక్స్ట్‌ని కరెంట్ చేయండి. ఆ వెంటనే రెండరర్ పేరు ప్రింట్ చేయించండి. ఎల్ఎల్‌వీఎంపైప్ అని వస్తే అక్కడే ఆగి, పర్మిషన్ల దగ్గరికి తిరిగి వెళ్లండి.

ఎఫ్‌బీఓకి (మనమే తయారుచేసుకునే ఫ్రేమ్‌బఫర్) ఆర్‌జీబీఏ8 రంగు, 24 బిట్ల డెప్త్ తగిలించి, కంప్లీట్ అయిందో లేదో చెక్ చేయండి. వ్యూపోర్ట్ (బొమ్మ పడే దీర్ఘచతురస్ర ప్రాంతం) మాత్రం మరవద్దు. సర్ఫేస్ లేని కాంటెక్స్ట్‌లో అది 0×0తో మొదలవుతుంది. క్లియర్ చేసిన బ్యాక్‌గ్రౌండ్ రంగు చక్కగా కనిపిస్తుంది, త్రిభుజం మాత్రం ఉండదు. జనం షేడర్‌ని (ఆకారాలు, రంగులు లెక్కించే జీపీయూ ప్రోగ్రామ్) అనుమానిస్తూ కూర్చుంటారు.

ఇక రీడ్‌పిక్సెల్స్, అంటే గీసిన బొమ్మని మన మెమరీలోకి చదవడం. 1366×768 బొమ్మని ఆర్‌జీబీగా చదివారనుకోండి. వరుసకి 1366×3 = 4098 బైట్లు. ప్యాక్ అలైన్‌మెంట్ (వరుసలు ఎన్ని బైట్ల గుణిజాల దగ్గర మొదలవ్వాలో చెప్పేది) డిఫాల్ట్ 4 కాబట్టి ఒక వరుస మొదలైన 4100 బైట్లకి తర్వాతి వరుస మొదలవుతుంది. వరుసకి 2 బైట్లు జరుగుతూ బొమ్మ ఏటవాలుగా సాగుతుంది, రంగులు కలగాపులగం అవుతాయి. పైగా మీ బఫర్ 4098 లెక్కన తీసుకున్నదైతే చివర్లో 767×2 = 1534 బైట్లు హద్దు దాటి మెమరీని పాడుచేస్తాయి. అలైన్‌మెంట్ 1 పెట్టండి, లేదా ఆర్‌జీబీఏగా చదవండి. మల్టీశాంపుల్ (అంచులు నునుపుగా రావడానికి పిక్సెల్‌కి చాలా నమూనాలు ఉంచే) ఎఫ్‌బీఓని నేరుగా చదవడం కుదరదు, ముందు మామూలు ఎఫ్‌బీఓలోకి బ్లిట్ (కాపీ) చేయాలి. మొదట వచ్చేది బొమ్మ అడుగు వరుస, పీఎన్‌జీగా రాసేముందు వరుసల్ని తిరగేయండి.